ముప్పయ్యో ర్యాలీ

పదో తరగతి పరీక్షలైపోయిన ఆ వేసవిలో నాకొక పని దొరికింది. ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రాసుకురావాలి. నోట్లో నాలుక లేని పిల్లకి ఆ పని ఎవరప్పజెప్పారని ఊళ్ళో అందరూ నవ్వారు. అప్పజెప్పింది పాతకార్ల సంఘం అధ్యక్షులు, డాక్టరుగారు. ఏటా వేసవిలో ఒక ఆదివారం ఆ సంఘంవాళ్ళ పాతకార్లన్నీ పట్నంలో బయలుదేరి, మా ఊరి మీదుగా ఘాట్‌రోడ్డెక్కి, కొండమీది బంగళా దాకా వెళ్ళి దిగి వచ్చేవి. ఆ ఏడు ముప్పయ్యో ర్యాలీ. ముప్పై ఏళ్ళ ముచ్చట్లూ కలిపి ఒక పుస్తకం వెయ్యాలని వాళ్ళు తీర్మానించుకున్నారు.

"మీ అమ్మాయి రాత అచ్చుగుద్దినట్టుంటుందట కదా మేస్త్రీ. మాట్లాడకపోతే ఏం, వినగలదుగా" అన్నారు డాక్టరుగారు.

నాన్న ఆ రోజంతా ఈల వేస్తూ పనిచేశాడు. ఘాట్‌రోడ్డు మొదలయ్యే మలుపులో ఉండేది మా షెడ్డు. దాని వెనకే ఇల్లు. ఆ సంఘంలోని ఇరవైరెండు కార్లకీ నాన్నే వైద్యుడు. ఏ కారుకి చలికాలంలో దగ్గొస్తుందో, ఏది ఎండలో మొరాయిస్తుందో పిల్లల సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. సొంతానికి మాకు కారు లేదు. అయినా ర్యాలీ రోజున నాన్న ఉతికిన చొక్కా వేసుకుని షెడ్డు ముందు నిలబడితే, వెళ్ళే ప్రతి కారూ హారన్ కొట్టి మరీ వెళ్ళేది. అమ్మ వంటింటి కిటికీలోంచి అవి లెక్కపెట్టుకునేది.

నేను నోటుబుక్కు పట్టుకుని బస్సులో పట్నం వెళ్ళి వస్తుండేదాన్ని. రిటైరైన టీచరమ్మగారికి బుజ్జిబండి అని ఒక చిన్న కారుంది. పన్నెండో ర్యాలీలో దాని హారన్ ఇరుక్కుపోయి కొండెక్కేదాకా మోగుతూనే ఉంటే, ముందున్నవాళ్ళంతా జడిసి దారిచ్చేశారట. జీవితంలో తాను ఫస్టు రావడం ఆ ఒక్కసారేనని చెప్పి, ఫస్టు అన్న మాట కింద గీత గీయించారు. డాక్టరుగారి కారు ఒకసారి వాగులో ఆగిపోతే వెనకే వస్తున్న బస్సులోవాళ్ళంతా దిగి తోశారట. తోస్తూ తోస్తూనే ఒకాయన తన మోకాలినొప్పికి మందు రాయించుకున్నాడట. నేను నవ్వు ఆపుకోలేక తల వంచుకుని రాసేదాన్ని.

అందరిలోకీ నాకిష్టమైనవాడు గడియారాల తాతయ్య. పట్నంలో బస్టాండు పక్క సందులో ఆయన గడియారాలు బాగుచేసే కొట్టు. బూడిదరంగు కారు ఆయనది, దానిపేరు పావురం. అప్పటికి జరిగిన ఇరవైతొమ్మిది ర్యాలీల్లో ఒక్కటీ తప్పనివాడు ఆయనొక్కడే. భార్య ఉన్నన్నాళ్ళూ పక్కన కూచుని మ్యాపు ఒళ్ళో పరిచి పెట్టుకునేదట.

"కొండకి ఉన్నది ఒకటే రోడ్డు కదమ్మా. అయినా సరే, వేలు పెట్టి చూసి చూసి, 'ఇప్పుడు తిన్నగా పోనివ్వండి' అనేది" అని చెప్పి, కంటికున్న అద్దం తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆయన చెప్పినంతసేపూ చేతులు ఊరుకునేవి కావు. సన్నటి పట్టుకారుతో కనీకనిపించని చక్రాల్ని ఎత్తి వాటి చోట పెడుతూనే ఉండేవారు. డెబ్బైమూడేళ్ళ మనిషి. వేళ్ళు ఇసుమంతైనా వణికేవి కావు.

పావురం బ్రేకు రబ్బర్లు, లోపలి ఆయిల్ని కారకుండా పట్టి ఉంచేవి, పాడైపోయి ఉన్నాయి. అలాంటివి ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యడం లేదు. నాన్న ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, రెండు నెలలు ఎదురుచూస్తే ర్యాలీకి మూడువారాల ముందు ఒక చిన్న డబ్బా వచ్చింది. నాన్న ఊళ్ళో లేడు. విప్పి చూశాను. గిన్నెమూతల్లాంటి నల్లటి రబ్బరు బిళ్ళలు, ఒంటినిండా జిగురు, జిగురునిండా రంపంపొట్టు. ఇంత కష్టపడి తెప్పించుకున్నవి ఇలా ఉంటే నాన్న మనసు చివుక్కుమంటుందనిపించింది.

ఏడేళ్ళప్పటి నుంచీ షెడ్డులో నా పని ఒకటే. నట్లు, బోల్టులు, బేరింగులు, ఏది మురికిగా కనిపిస్తే అది కిరసనాయిలు పళ్ళెంలో వేసి కడిగి ఆరబెట్టడం. నేను కడిగినంత శుభ్రంగా ఎవరూ కడగలేరని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. బ్రేకు పని మాత్రం ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక్కడే వెనక బల్లమీద కూచుని చేసుకునేవాడు. అక్కడ ఏది దేంతో కడుగుతాడో నేనెప్పుడూ చూడలేదు, అడగాలనీ తోచలేదు. ఆ రబ్బర్లని పళ్ళెంలో వేశాను. జిగురు మొండిగా ఉందని తెల్లవారేదాకా నాననిచ్చాను. పొద్దున్నే తుడిచి, నిగనిగలాడుతుంటే తృప్తిగా చూసుకుని, డబ్బాలో వరసగా సర్ది పెట్టేశాను.

నాన్న వచ్చాడు. డబ్బా చూసి మురిసిపోయాడు. ఆ సాయంత్రమే బిగించాడు. కొంచెం బిగుతుగా ఉన్నాయే అని గొణుక్కుని, కొత్తవి కదా, అలాగే ఉంటాయిలే అని తనే సర్దిచెప్పుకున్నాడు. షెడ్డంతా ఎప్పుడూ కిరసనాయిలు కంపే. నాన్న ఒంటిదీ అదే వాసన. వాటి వాసన వేరుగా ఆయనకెలా తెలుస్తుంది. రోడ్డుమీద నడిపి చూస్తే, బ్రేకు తొక్కగానే బండి వేలేసి ఆపినట్టు ఆగింది. కడిగానని నేను చెప్పలేదు. దాచలేదు కూడా. అడక్కపోతే ఏదీ చెప్పే అలవాటు నాకు లేదు, అంతే.

ర్యాలీ రోజున తాతయ్య మా షెడ్డు ముందు కారాపి, పక్క సీటు దులిపి, ఎక్కమన్నారు. ముప్పయ్యో ర్యాలీ ఎలా ఉందో కారులోంచే చూసి రాయాలి కదా అన్నారు. నాన్న వెనకనుంచి చిన్నగా తోశాడు. ఎక్కాను. అంత ఆనందం ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. మలుపు మలుపుకీ లోయ కింద మా ఊరు చిన్నదవుతూ పోయింది. ఒక మలుపు దగ్గర నాకే ఏమనిపించిందో, "ఇప్పుడు తిన్నగా పోనివ్వండి" అన్నాను. ఆయన నావైపు తిరిగి చూసి, నవ్వబోయి, మళ్ళీ రోడ్డువైపు తిరిగిపోయారు.

దిగేటప్పుడు టీచరమ్మగారు పట్టుబట్టి నన్ను తన బండిలో ఎక్కించుకున్నారు. ఆవిడ చెప్పాల్సిన ముచ్చట్లు ఇంకా మిగిలున్నాయట. పావురం మా ముందు వెళ్తోంది. సగం దిగాక దాని వెనకచక్రం దగ్గర సన్నగా పొగ కనిపించింది. దుమ్మేమో అనుకున్నాం. తర్వాత కాలిన వాసన వేసింది. టీచరమ్మగారు హారన్ కొట్టడం మొదలుపెట్టారు. పావురం ఆగలేదు. ఆగకపోగా వేగం పెరిగింది. పెద్దమలుపు దగ్గర ఎడమవైపు లోయ, కుడివైపు కొండరాయి. తాతయ్య స్టీరింగు కుడికి తిప్పారు.

మేం పరుగెత్తేసరికి ఆయనకు స్పృహ ఉంది. రక్తం కూడా పెద్దగా లేదు. స్టీరింగు వదలని కుడిచెయ్యి మణికట్టు దగ్గర పక్కకి వంగి వేలాడుతోంది. దాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నారు.

మర్నాడు పావురాన్ని లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు. నాన్న అన్నం తినకుండా దానికింద దూరాడు. నేను స్పానర్లు అందిస్తూ పక్కన కూచున్నాను. బ్రేకు సిలిండరు విప్పి బయటికి తెచ్చి, లోపలి రబ్బరు బిళ్ళని అరచేతిలో వేసుకున్నాడు. అది నానిన గింజలా ఉబ్బిపోయి ఉంది. రెండు వేళ్ళతో నొక్కాడు. మెత్తగా అణిగింది. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. ఆ తర్వాత తలెత్తి గోడవారగా ఉన్న కిరసనాయిలు పళ్ళేన్ని చూశాడు. పళ్ళెం మీంచి ఆ చూపు నా చేతుల మీదికి వచ్చింది. మొహం దాకా రాలేదు.

"నువ్వు లోపలికి వెళ్ళమ్మా. అమ్మకి ఏమన్నా పనుందేమో చూడు" అన్నాడు.

అప్పుడు కూడా నాకు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైంది ఆ సాయంత్రం. డాక్టరుగారూ, సంఘంవాళ్ళు మరో ఇద్దరూ వచ్చారు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. తాతయ్య చేతికి కడ్డీలు వేశారనీ, ఎముక అతుక్కున్నా వేళ్ళు మునుపటిలా కదలవనీ డాక్టరుగారు చెప్పారు. మరి ఇదెలా జరిగిందని అడిగారు. కోపంగా కాదు, రోగిని అడిగినట్టు అడిగారు.

"రబ్బర్లు కిరసనాయిల్లో కడిగానయ్యా" అన్నాడు నాన్న. "బ్రేకు రబ్బరుకి అది తగలకూడదు, తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బి, బ్రేకు పట్టింది పట్టినట్టే ఉండిపోయింది. చక్రాలు కాగి, లోపలి ఆయిలు మరిగిపోయింది. చివరికి తొక్కితే కింద ఏమీ లేకుండా పోయింది."

"అది నీకు తెలీదా?"

"తెలుసయ్యా."

"తెలిసే కడిగావా?"

నేను గుమ్మం దాటి ఒక అడుగు ముందుకు వేశాను. నాన్నా అని పిలిచాను. బయటికి వచ్చిందో లేదో కూడా తెలియనంత చిన్నగా పిలిచాను. ఆయన మాత్రం విన్నాడు.

"టీ చల్లారిపోతోంది. ఇచ్చేసి లోపలికి వెళ్ళు" అన్నాడు.

ఇచ్చాను. ఎవరూ తాగలేదు. డాక్టరుగారు లేచి, మా అందరి ప్రాణాలూ ముప్పై ఏళ్ళు నీ చేతుల్లో పెట్టాం మేస్త్రీ అని మాత్రం అన్నారు. ఆయన ఇంకేమైనా అని ఉంటే బాగుండేది.

వారం తిరిగేసరికి షెడ్డులో ఉన్న కార్లన్నిటినీ ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళిపోయారు. టీచరమ్మగారు ఒక్కరే లోపలికి వచ్చి అమ్మతో రెండు మాటలు మాట్లాడారు. బుజ్జిబండిని మాత్రం ఆవిడా ఉంచలేదు, తను నడపడానికి జంకి డ్రైవరు చేత నడిపించుకుని వెళ్ళారు.

నేను నాన్నతో చెప్పాను. చెప్పలేదని ఎవరూ అనుకోకూడదు. ఖాళీ షెడ్డు ఊడుస్తుంటే వెళ్ళి, రంపంపొట్టూ జిగురూ పోవాలని తెల్లవారేదాకా నానబెట్టి కడిగింది నేనే నాన్నా అన్నాను. ఆయన చీపురు ఆపలేదు. నువ్వు కాదు, నేను, నీకు సరిగ్గా గుర్తులేదు అన్నాడు. నాకు పదహారో ఏడు. నెల కిందటి సంగతి గుర్తులేకపోవడానికి నేనేం ముసలిదాన్నా? ఆ మాటే అన్నాను. గడపమీద దుమ్ముంది, పక్కకి జరుగమ్మా అన్నాడు.

అమ్మకి ఏమీ తెలియదు. తెలియకపోవడమే పెద్ద కష్టమైంది. ఇరవై ఏళ్ళ కాపురంలో నాన్న పనిని అమ్మ ఒక్కసారీ తప్పుపట్టి ఎరగదు. ఆయన చేతికి అబద్ధం తెలియదని చుట్టాల్లో గొప్పగా చెప్పుకునేది. అలాంటి మనిషి ఇప్పుడు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయి, "అసలు ఆ రోజు మీరు ఏ లోకంలో ఉన్నారండీ?" అని అడిగేది. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని నేలచూపులు చూసేవాడు. రెండు మూడు రోజులకొకసారి అదే మాట. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. నాన్న ఏదైనా చెప్తే, అది నిజమో కాదో అన్నట్టు ఒక క్షణం ఆగి తలూపడం మొదలుపెట్టింది. గ్యాస్ పొయ్యి గొట్టం నాన్న బిగిస్తే, ఆయన అటు వెళ్ళగానే పక్కింటాయన్ని పిలిచి మళ్ళీ చూపించింది. నేను చూశాను. వెనక్కి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి నాన్నా చూశాడు.

అమ్మ పట్నంలో సంచులు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. నాన్నకి కొత్తకార్లు అమ్మే కంపెనీలో పని దొరికింది. కార్లు విప్పే పని కాదు, నీళ్ళతో కడిగే పని. మోకాళ్ళదాకా రబ్బరుబూట్లు వేసుకుని గొట్టంతో నీళ్ళు కొట్టడం. ఒకసారి బస్సులోంచి చూశాను. ఆయనకంటే సగం వయసువాడొకడు వేలు చూపించి, ఇక్కడ మురికుంది, సరిగ్గా కడుగు అంటున్నాడు. నాన్న వంగి మళ్ళీ కడిగాడు.

ఇంటికొచ్చి, రోజూ రాసుకునే డైరీలో ఆ రోజు పేజీ ఖాళీగా వదిలేశాను. మర్నాడు తాతయ్య కొట్టుకి బయలుదేరాను. ఆయనతో చెప్తే ఆయన డాక్టరుగారితో చెప్తారు, డాక్టరుగారు అందరితో చెప్తారు, అమ్మకి తెలుస్తుంది, నాన్న నాన్నవుతాడు. బస్సెక్కిన దగ్గర్నుంచీ ఇదే లెక్క.

కొట్టు తీసే ఉంది. తాతయ్య కుర్చీలోనే ఉన్నారు. కుడిచెయ్యి బల్లమీద తెచ్చిపెట్టిన వస్తువులా ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. ఎడమచేత్తో గడియారాలకున్న చీటీలు చదివి, ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేస్తున్నారు. ఒకావిడ తన గడియారం తీసుకుని, పోనీ మెల్లగానే చెయ్యండి, తొందరేమీ లేదు అంది. తాతయ్య తల అడ్డంగా ఊపారు.

ఆవిడ వెళ్ళాక చెప్పాను. నిలబడే చెప్పాను, ఒక్క గుక్కలో. డబ్బా విప్పడం, జిగురు, పళ్ళెం, నాన్నకి తెలియకపోవడం, విప్పాక తెలియడం, డాక్టరుగారి ముందు ఆయన తనమీద వేసుకోవడం, అన్నీ. నా జీవితంలో అన్ని మాటలు వరసగా మాట్లాడింది అదే.

"ఎంతసేపు నానబెట్టావు?" అన్నారు ఆయన.

"తెల్లారేదాకా."

ఆయన ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే తెరవబోయారు. చూపుడువేలు కొంచెం కదిలింది. మిగతావి కదల్లేదు.

"నిన్ను తిట్టాలని ఉందమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా ఉంది" అన్నారు. "కానీ తిడితే నువ్వు తేలికపడి ఇంటికి వెళ్తావు."

నేను ఏడవలేదు. డాక్టరుగారితో చెప్పమన్నాను. నేనే వచ్చి చెప్తానన్నాను. పుస్తకంలో రాయించమన్నాను.

"మీ నాన్న నీకోసం ఒక పని చేశాడు" అన్నారు తాతయ్య. "పని పోయింది, పేరు పోయింది, మీ అమ్మ దగ్గర మాట పోయింది. ఆయనకి మిగిలింది ఆ చేసిన పని ఒక్కటే. నువ్విప్పుడు నాలుగు బజార్లలో నిజం చెప్తే అదీ ఉండదు. పిల్లని కాపాడుకోలేకపోయాడు అవుతుంది. చెప్పకు. నాతో చెప్పావు, నేను మరిచిపోను. అది చాలు."

కాసేపయ్యాక, ఇంక కొన్నాళ్ళు ఇటు రాకమ్మా అన్నారు. కోపంగా అనలేదు. నిన్ను చూస్తే కొండ గుర్తొస్తుందన్నారు.

తిరుగు బస్సులో కూచోడానికి చోటున్నా నిలబడే వచ్చాను.

వేసవి అయిపోవచ్చింది. తొలకరి పడింది. నన్ను పట్నంలో కాలేజీలో చేర్చాలని అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకుంటున్నారు. డాక్టరుగారి దగ్గర్నుంచి మనిషి వచ్చి, ఆదివారానికి నోటుబుక్కు కావాలని చెప్పి వెళ్ళాడు. పుస్తకం ఆగలేదట. ముప్పయ్యో ర్యాలీ పేజీలో ఏం రాయాలో వాళ్ళు చూసుకుంటారట.

శనివారం నాన్నకి సెలవు. వానకి షెడ్డు రేకులు మోగుతున్నాయి. లోపల కార్లు లేవు, నేలమీద నూనె మరకలున్నాయంతే. నేను వెనక బల్లమీద కూచుని నోటుబుక్కులో చివరి పేజీలు సరిచూసుకుంటున్నాను. నాన్న వచ్చి ఎదురుగా కూచున్నాడు.

"అందరివీ రాసుకున్నావు. నాది రాయలేదేం?" అన్నాడు.

నువ్వు సంఘంలో లేవు కదా అనబోయి ఊరుకున్నాను. కొత్త పేజీ తిప్పాను. నాన్న గొంతు సవరించుకుని, బళ్ళో అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళ ముచ్చట్లలో ఒక్కటీ చెప్పలేదు. పావురం రబ్బర్లు వచ్చిన రోజు గురించి చెప్పాడు. డబ్బా తానే విప్పానన్నాడు. వాటినిండా రంపంపొట్టు ఉందన్నాడు. అది ఆయన చూడలేదు, షెడ్డు ఊడ్చిన రోజున నేనన్న మాట. పళ్ళెంలో వేశానన్నాడు. జిగురు పోవడం లేదని తెల్లవారేదాకా ఉంచానన్నాడు. పొద్దున నిగనిగలాడుతుంటే చూసి సంతోషించానన్నాడు.

నేను తలెత్తి చూశాను. అబద్ధం ఆడుతున్న మొహం కాదది. కళ్ళు ఎక్కడో దూరాన ఆ డబ్బాని, ఆ పళ్ళేన్ని చూస్తున్నాయి. తలుచుకోగా తలుచుకోగా అది ఆయనకి నిజంగానే కనిపిస్తోంది. నా పొద్దు, నా సంతోషం, నా పాపం అన్నీ ఆయన జ్ఞాపకంలోకి వెళ్ళిపోయాయి. ఇక నేను ఎంత అరిచి చెప్పినా తిరిగివ్వడు.

"రాశావా?"

"రాశాను నాన్నా."

"చదువు."

చదివాను. రేకులమీద వాన చప్పుడుకి మధ్యమధ్య గొంతు పెంచాల్సి వచ్చింది. 'పొరపాటున కిరసనాయిల్లో కడిగాను' అన్న చోట ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పొరపాటున అని నేననలేదే" అన్నాడు.

నిజమే, ఆయన అనలేదు. అది నేనే కలిపాను.

"అది తీసెయ్. మేస్త్రీకి పొరపాటేమిటి? కడిగాను అంటే చాలు."

కలం పట్టుకుని చాలాసేపు కూచున్నాను. నాన్న లేచి వెళ్ళలేదు. నేను కొట్టేసేదాకా చూస్తూనే ఉన్నాడు. ఆ ఒక్క మాటనీ కొట్టేశాను.